వాక్ స్వాతంత్ర్యం, దాని హద్దులు, సెన్సార్‌షిప్: భారతీయ అనుభవం

తన అభిప్రాయాన్ని మాటగా, రాతగా, బొమ్మగా, సినిమాగా నలుగురి ముందు పెట్టే హక్కును వాక్ స్వాతంత్ర్యం అంటాం. భారత రాజ్యాంగంలో ఇది 19(1)(ఎ) అధికరణం. దాని వెంటనే 19(2)లో హద్దులున్నాయి: దేశ సార్వభౌమత్వ సమగ్రతలు, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, మర్యాద లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి పురికొల్పడం. ఈ ఎనిమిది కారణాల మీద మాత్రమే, అదీ చట్టం ద్వారా, అదీ సహేతుకమైన మేరకే ప్రభుత్వం ఆంక్ష పెట్టగలదు. వీటిలో ఇమడని కారణం ఎంత మంచిదైనా చెల్లదు.

హద్దు గీసే పద్ధతులు రెండు. అచ్చయ్యాక, ఆడాక, చట్టాన్ని మీరినట్టు కోర్టులో రుజువైతే శిక్ష వెయ్యడం మొదటిది. జనం ముందుకు రాకముందే ఒక అధికారి చూసి ‘ఇది ఉండనివ్వండి, ఇది తీసెయ్యండి’ అని చెప్పడం రెండోది. మన దేశంలో పత్రిక నడపడానికి గానీ పుస్తకం అచ్చు వెయ్యడానికి గానీ లోపల ఏముందో ముందుగా ఎవరికీ చూపించనక్కర్లేదు. సినిమా హాల్లో ఆడించాలంటే మాత్రం చూపించి తీరాలి. ఒకే రాజ్యాంగం, ఒకే అధికరణం, రెండు న్యాయాలు. ఈ తేడా ఎలా వచ్చిందో, ఇప్పటికీ ఎందుకు నిలిచిందో తెలిస్తే భారతదేశంలో సెన్సార్‌షిప్ కథ చాలావరకు తెలిసినట్టే.

కంపెనీ, సర్కారు, పత్రికలు

పత్రికల మీద ముందస్తు తనిఖీని ఈ దేశంలో మొదట పెట్టింది ఈస్టిండియా కంపెనీ. 1799లో వెలస్లీ గవర్నర్ జనరల్‌గా ఉండగా, ఫ్రెంచివారితో యుద్ధ భయం చూపి, పత్రిక ప్రతి సంచికనూ అచ్చుకు ముందు ప్రభుత్వ కార్యదర్శికి చూపాలన్నారు. 1835లో మెట్కాఫ్ పత్రికల మీది ఆంక్షలను ఎత్తేశాడు. 1878లో లిట్టన్ దేశభాషా పత్రికల చట్టం తెచ్చాడు. ఇంగ్లిషు పత్రికలను వదిలేసి దేశభాషల పత్రికలకే వర్తించిన చట్టమది. అప్పటిదాకా ప్రధానంగా బెంగాలీలో వస్తున్న అమృతబజార్ పత్రిక దాన్ని తప్పించుకోవడానికి ఉన్నపళాన ఇంగ్లిషు పత్రికగా మారిపోయింది. కొద్ది ఏళ్లకే రిప్పన్ ఆ చట్టాన్ని రద్దు చేశాడు. 1910 నాటి ప్రెస్ చట్టం ఇంకో దారి పట్టింది: ముద్రాపకుడు ముందే సొమ్ము ధరావతు కట్టాలి, ప్రభుత్వానికి నచ్చనిది అచ్చయితే ఆ సొమ్ము జప్తు. తనిఖీ అధికారి అవసరమే లేదు. అచ్చాఫీసు యజమానే భయంతో ఆ పని చేసిపెడతాడు.

ఆంధ్ర ప్రాంతంలో ఈ చట్టాల దెబ్బ తొందరగానే తగిలింది. 1908లో బెజవాడ నుంచి వస్తున్న ‘స్వరాజ్య’ పత్రికలో తిరునల్వేలి కాల్పుల మీద వచ్చిన వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహ నేరం కింద జైలుకు వెళ్లారు. సహాయ నిరాకరణ కాలంలో తెల్లదొరల పాలన వద్దంటూ రాసి పాడినందుకు గరిమెళ్ల సత్యనారాయణకు జైలు తప్పలేదు. జైల్లో ఉండగా ఉన్నవ లక్ష్మీనారాయణ రాసిన ‘మాలపల్లి’ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కూలి గురించీ కులం గురించీ మాట్లాడిన నవల ప్రభుత్వానికి రాజద్రోహంగా కనిపించింది.

ముద్దుపళని పుస్తకం

రాజకీయ నిషేధాల సంగతి అందరికీ తెలిసిందే. నైతికత పేరిట వచ్చిన ఒక నిషేధం అంతకన్నా వివరంగా చూడదగ్గది, ఎందుకంటే అందులో తెల్లదొర కన్నా ముందు తెలుగువాళ్లే తీర్పు చెప్పేశారు.

ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో ప్రతాపసింహుడి ఆస్థాన కవయిత్రి. ఆమె శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనం’. కందుకూరి వీరేశలింగం తన కవుల చరిత్రలో ఆమె పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే, ఆడది రాయదగిన మాటలు కావని కావ్యాన్నీ కవయిత్రినీ కూడా గట్టిగా తిట్టారు. బెంగుళూరు నాగరత్నమ్మ, సంగీత విద్వాంసురాలు, దేవదాసీ కుటుంబంలో పుట్టిన మనిషి, ఆ కావ్యాన్ని వెతికి పట్టుకున్నారు. అంతకుముందు 1887లో అచ్చయిన ప్రతిలో కవయిత్రి తన వంశం గురించి చెప్పుకున్న భాగం, మరికొన్ని పద్యాలు లేవని ఆమె తాళపత్ర ప్రతితో పోల్చి గుర్తించారు. వాటన్నిటినీ చేర్చి 1910లో వావిళ్లవారి ద్వారా పూర్తి ప్రతి వేయించారు. పీఠికలో వీరేశలింగానికి సూటిగా జవాబిచ్చారు: సిగ్గు అనేది ఆడవాళ్లకే ఉండాలా, మగ కవులు ఇంతకన్నా పచ్చిగా రాసిన కావ్యాలను పాఠ్యగ్రంథాలుగా సిఫారసు చేసిన మనిషికి ఈ ఒక్కటే ఎలా బూతు అయింది అని.

1911లో పోలీసులు ప్రతులు స్వాధీనం చేసుకున్నారు. ప్రభుత్వ అనువాదకుడు అభ్యంతరకరమని అనుకున్న పద్యాలను ఇంగ్లిషులోకి మార్చి ఇచ్చాడు. తెలుగు రాని అధికారులు ఆ ముక్కలను చూసి పుస్తకం సంగతి తేల్చారు. నిషేధం వద్దని పండితులు అర్జీలు పెట్టుకున్నా ఫలించలేదు. టంగుటూరి ప్రకాశం మద్రాసు ముఖ్యమంత్రి అయ్యాక గానీ నిషేధం తొలగలేదు. 1952లో వావిళ్లవారు మళ్లీ అచ్చు వేశారు. ఆ ఏడాదే నాగరత్నమ్మ కన్నుమూశారు.

అప్పట్లో కోర్టులు అశ్లీలాన్ని కొలిచిన గజం ‘హిక్లిన్ పరీక్ష’, 1868 నాటి ఒక ఇంగ్లండు కేసులోది. చెడిపోవడానికి సిద్ధంగా ఉన్న మనసు మీద ఈ రాత ఏ ప్రభావం చూపుతుందన్నది అందులో ప్రశ్న. బలహీనుడైన పాఠకుణ్ణి ఊహించుకుని, పుస్తకంలోంచి ఒక ముక్క విడదీసి చూస్తే ప్రపంచ సాహిత్యంలో నిలిచేవి తక్కువ. స్వతంత్ర భారత సుప్రీంకోర్టు కూడా 1964లో రంజిత్ ఉదేశీ కేసులో ఇదే గజాన్ని వాడి డి.హెచ్. లారెన్సు ‘లేడీ చాటర్లీస్ లవర్’ అమ్మిన పుస్తకాల వ్యాపారి శిక్షను ఖాయం చేసింది. దాన్ని వదిలిపెట్టి, రచన మొత్తాన్నీ చూడాలి, నేటి సమాజ ప్రమాణాలతో చూడాలి అని అవీక్ సర్కార్ కేసులో చెప్పేసరికి 2014 వచ్చింది.

రాజ్యాంగం, తొలి సవరణ

రాజ్యాంగ సభ ముసాయిదాలో వాక్ స్వాతంత్ర్యానికి హద్దుగా రాజద్రోహం కూడా ఉండేది. స్వయంగా రాజద్రోహ నేరాలు మోసినవాళ్లు చాలామంది ఉన్న సభ అది. కె.ఎం. మున్షీ సవరణతో ఆ మాటను తీసేశారు. శిక్షాస్మృతిలోని 124ఎ సెక్షను మాత్రం అలాగే ఉండిపోయింది.

గణతంత్రం వచ్చిన నాలుగు నెలలకే పరీక్ష వచ్చింది. బొంబాయిలో రొమేశ్ థాపర్ నడిపే ‘క్రాస్‌రోడ్స్’ వామపక్ష పత్రికను మద్రాసు రాష్ట్రంలోకి రానివ్వకుండా అక్కడి ప్రభుత్వం నిషేధించింది. అప్పటికి కోస్తా, రాయలసీమ ఆ రాష్ట్రంలోవే. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం నడుస్తోంది. ఢిల్లీలో ‘ఆర్గనైజర్’ పత్రికను అచ్చుకు ముందు చూపించమన్నారు. ఒకటి ఎడమ, ఒకటి కుడి. 1950 మే 26న సుప్రీంకోర్టు రెండు ఉత్తర్వులనూ కొట్టేసింది. రాజ్యం పునాదులను కదిపే ముప్పు వేరు, ఊళ్లో అలజడి వేరు. రెండోదాని పేరు చెప్పి పత్రికను ఆపే వీలు రాజ్యాంగంలో లేదని జస్టిస్ పతంజలి శాస్త్రి రాశారు.

నెహ్రూ ప్రభుత్వం జవాబు 1951 జూన్‌లో వచ్చిన మొదటి రాజ్యాంగ సవరణ. శాంతిభద్రతలు, విదేశీ స్నేహ సంబంధాలు, నేరానికి పురికొల్పడం అనే కారణాలు అప్పుడే చేరాయి. పార్లమెంటులో శ్యామాప్రసాద్ ముఖర్జీ దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఆంక్ష ‘సహేతుకం’గా ఉండాలన్న మాట కూడా ఈ సవరణతోనే చేరింది. ప్రభుత్వానికి ఇచ్చిన కొత్త అధికారాల కన్నా ఆ ఒక్క మాటే తర్వాత కోర్టుల చేతిలో ఎక్కువ పని చేసిందని చెప్పాలి. ఏది సహేతుకమో తేల్చే పని న్యాయమూర్తుల చేతికి వెళ్లింది కాబట్టి. సార్వభౌమత్వం, సమగ్రత 1963 నాటి పదహారో సవరణలో వచ్చాయి.

రాజద్రోహం విషయంలో 1962 నాటి కేదార్‌నాథ్ సింగ్ తీర్పు, ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా తిట్టినా నేరం కాదు, హింసకూ అల్లరికీ పురికొల్పితేనే నేరం అంది. పోలీసు స్టేషన్లలో ఆ గీత చాలాసార్లు కనిపించలేదు. 2022 మేలో సుప్రీంకోర్టు 124ఎ వాడకాన్ని నిలిపి ఉంచమంది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో రాజద్రోహం అన్న పేరు లేదు. దేశ సమగ్రతకు భంగం కలిగించే చర్యలంటూ 152వ సెక్షను ఉంది.

ఆంక్షలు కావాలనేవారి వాదన

ఆంక్షలు కోరేవాళ్లందరూ నియంతలు కారు. వాళ్ల వాదనలో బలమున్నచోట దాన్ని ఒప్పుకోవాలి.

స్వేచ్ఛావాదానికి పెద్దగా చెప్పుకునే జాన్ స్టూవర్ట్ మిల్ 1859లోనే ఒక ఉదాహరణ ఇచ్చాడు. ధాన్యం వ్యాపారులు పేదల కడుపు కొడుతున్నారని పత్రికలో రాస్తే ఎవరూ అడ్డుకోకూడదు. అదే మాటను వ్యాపారి ఇంటి ముందు రెచ్చిపోయి ఉన్న గుంపుకు చెబితే శిక్షించవచ్చు. మాట ఒకటే, చోటు వేరు. 1969లో అమెరికా సుప్రీంకోర్టు బ్రాండెన్‌బర్గ్ కేసులో, తక్షణ అరాచకానికి పురికొల్పేదీ, అది నిజంగా జరిగే అవకాశం ఉన్నదీ మాత్రమే శిక్షార్హం అన్నప్పుడు ఆధారపడ్డ ఆలోచన ఇదే.

గుంపు ఎదురుగా లేనప్పుడు? రువాండాలో 1993లో మొదలైన ఆర్‌టీఎల్‌ఎం రేడియో టుట్సీలను బొద్దింకలని పిలుస్తూ నెలల తరబడి ప్రసారాలు చేసింది. 1994లో ఊచకోత మొదలయ్యాక మనుషుల పేర్లు, వాళ్లు దాక్కున్న చోట్లు గాలిలో చదివింది. రువాండా కోసం పెట్టిన అంతర్జాతీయ నేర ట్రిబ్యునల్ 2003లో ఆ రేడియో బాధ్యులను దోషులుగా తేల్చింది. చంపండి అనే చివరి మాట ఒక్కటే నేరమనీ, దానికి ముందు నెలల పాటు మనుషుల్ని పురుగులుగా మార్చిన మాటలు నేరం కాదనీ అనగలమా? ద్వేషభాషణ చట్టాల వెనక ఉన్న గట్టి ప్రశ్న ఇది. దీనికి తేలికైన జవాబు లేదు.

మన దగ్గర ఇదే ప్రశ్న కులం రూపంలో ఉంది. దళితుణ్ణి కులం పేరుతో పదిమందిలో తిట్టడాన్ని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నేరంగా చూస్తుంది. 1989లో వచ్చిన ఆ చట్టానికి దారితీసిన ఉద్యమాల్లో 1985 కారంచేడు మారణకాండ తర్వాత తెలుగునాట లేచిన దళిత ఉద్యమం ఒకటి. ఆ తిట్టు అభిప్రాయ ప్రకటన కాదు, తరతరాల దెబ్బల వరుసలో మరో దెబ్బ. అత్యాచార బాధితురాలి పేరు, లైంగిక దాడికి గురైన పిల్లల వివరాలు పత్రికల్లో వెయ్యకూడదన్న నిబంధన కూడా వాక్ స్వాతంత్ర్యం మీద ఆంక్షే. దాన్ని ఎత్తేయమని అడిగే పత్రికా సంపాదకుడు ఉండడు.

మత భావాల విషయంలో మాత్రం అనుభవం ఇంత తేటగా లేదు. 1924లో లాహోర్‌లో ప్రవక్త మహమ్మద్ మీద వచ్చిన ‘రంగీలా రసూల్’ అనే పుస్తక ప్రచురణకర్తను అక్కడి హైకోర్టు 1927లో వదిలేసింది, అప్పటి చట్టంలో ఆ నేరం లేదు గనుక. ఆ ఖాళీ పూడ్చడానికి అదే ఏడాది 295ఎ సెక్షను తెచ్చారు. 1929లో ఆ ప్రచురణకర్త హత్యకు గురయ్యాడు. చట్టం అతన్ని కాపాడలేదు. మనోభావాలు దెబ్బతిన్నాయనే మాటకు మాత్రం దేశంలో శాశ్వతంగా ఒక కేసు నంబరు దొరికింది. ఆ సెక్షను ఉద్దేశపూర్వకమైన, దురుద్దేశంతో కూడిన అవమానానికే వర్తిస్తుందని 1957లో సుప్రీంకోర్టు స్పష్టం చేసినా, ఫిర్యాదు రాసేవాళ్లు ఆ విశేషణాలను పెద్దగా పట్టించుకోరు.

సినిమా

1918 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్లలో సెన్సార్ బోర్డులు పెట్టారు. మరుసటి ఏడాదే ‘భక్త విదుర్’ మూకీలో విదురుడు గాంధీ టోపీతో కనిపించాడని కరాచీలో, మద్రాసులో ఆపేశారు. తెలుగులో 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’ జమీందారీ దోపిడీని చూపినందుకు, జమీందారుల ఒత్తిడి మీద నిషేధానికి గురైంది. ఆ సినిమాకు పెట్టుబడి పెట్టింది కూడా ఒక జమీందారే, చల్లపల్లి రాజా.

స్వాతంత్ర్యం తర్వాత 1952లో కొత్త సినిమాటోగ్రాఫ్ చట్టం వచ్చింది. పత్రిక ముందస్తు తనిఖీని సుప్రీంకోర్టు 1950లోనే కొట్టేసింది గానీ సినిమాది వెళ్లలేదు. దాన్ని రాజ్యాంగపు వెలుగులో ప్రశ్నించిన మనిషి రచయిత, దర్శకుడు ఖ్వాజా అహ్మద్ అబ్బాస్. బొంబాయి, కలకత్తా, మద్రాసు, ఢిల్లీ నగరాల్లో ఒకవైపు మేడలు, ఇంకోవైపు మురికివాడలు చూపిస్తూ ఆయన తీసిన చిన్న డాక్యుమెంటరీకి, బొంబాయి వేశ్యావాటిక దృశ్యాలు తీసేస్తే తప్ప ‘యు’ సర్టిఫికెట్ ఇవ్వమన్నారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. విచారణ నడుస్తుండగా ప్రభుత్వం దిగివచ్చి కోతలేమీ లేకుండానే ‘యు’ ఇస్తామంది. అబ్బాస్ ఇంటికి వెళ్లిపోవచ్చు. ఆయన వెళ్లకుండా పిటిషన్ను మార్చి, నా సినిమా సంగతి అలా ఉంచండి, అసలు ముందస్తు సెన్సార్ చెల్లుతుందా తేల్చండి అన్నారు.

1970లో ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా చెల్లుతుందనే తేల్చారు. సినిమా మిగతా కళలకన్నా మనసును ఎక్కువగా కదిలిస్తుంది, కదిలే బొమ్మ, శబ్దం కలిసి నిజమన్న భ్రమ కలిగిస్తాయి, పిల్లల మీద దాని పట్టు మరీ ఎక్కువ అన్నది కారణం. అక్షరాస్యత తక్కువగా ఉన్న రోజుల్లో ఆ వాదన అర్థంలేనిది కాదు. బోర్డు తీర్పు మీద ప్రభుత్వానికే అప్పీలు చేసుకోవడం సరికాదన్న అబ్బాస్ వాదనకు మాత్రం ఫలితం వచ్చింది: అప్పీళ్లకు ట్రిబ్యునల్ పెడతామని ప్రభుత్వం కోర్టుకు మాట ఇచ్చింది. 1983లో ఆ ట్రిబ్యునల్ వచ్చింది. బోర్డు పేరులో సెన్సార్ పోయి సర్టిఫికేషన్ వచ్చిందీ అప్పుడే. పేరు మారి నలభై ఏళ్లు దాటినా ఫిల్మ్‌నగర్‌లో అందరూ ఇప్పటికీ ‘సెన్సార్ అయిందా’ అనే అడుగుతారు. సరిగ్గానే అడుగుతారు.

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. నిర్మాత దరఖాస్తు, స్క్రిప్టు, పాటల సాహిత్యం సమర్పిస్తాడు. తెలుగు సినిమాలు ఎక్కువగా హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయానికి వెళ్తాయి. ఒక అధికారి, నలుగురు సలహా మండలి సభ్యులు కూర్చుని చూస్తారు. ఆ చూసేవాళ్లలో మహిళలు ఉండాలి. యు, యుఎ, ఎ, ప్రత్యేక వర్గాలకు ఎస్. 2023 సవరణ తర్వాత యుఎలో మళ్లీ 7, 13, 16 ఏళ్ల మెట్లు. తర్వాత వచ్చే కాగితంలో కోతల పట్టిక ఉంటుంది: ఫలానా రీలులో ఫలానా మాట మ్యూట్, రక్తం కనిపించే దృశ్యం ఇన్ని సెకన్లు తగ్గింపు, ఫలానా చోట హెచ్చరిక వాక్యం. ఒప్పుకోకపోతే రివైజింగ్ కమిటీకి వెళ్లవచ్చు.

చట్టం పుస్తకంలో కనిపించని అసలు బలం క్యాలెండర్‌ది. రిలీజ్ తేదీ ప్రకటించి, థియేటర్లు మాట్లాడుకుని, అమెరికా ప్రీమియర్లకు టిక్కెట్లు అమ్ముడుపోతున్న వారంలో సినిమా సెన్సార్‌కు వెళ్తుంది. వడ్డీకి తెచ్చిన డబ్బు. సంక్రాంతి వారం పోతే ఏడాది పోయినట్టే. ఆ స్థితిలో పన్నెండు కోతలు అన్యాయమని నిర్మాతకు తెలిసినా కోర్టుకు వెళ్లడు, ఆ రాత్రే ఎడిటింగ్ గదికి వెళ్తాడు. వివాదం రికార్డుకే ఎక్కదు. అందుకే కోర్టు తీర్పులు మాత్రమే చదివితే మన దేశంలో సినిమా సెన్సార్ ఉదారంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

ఆ తీర్పులు నిజంగానే ఉదారమైనవి. 1988లో దేశవిభజన మీద ‘తమస్’ ధారావాహిక దూరదర్శన్‌లో ఆగిపోకుండా నిలబెట్టారు. 1989లో రంగరాజన్ కేసు: రిజర్వేషన్ల మీద విమర్శ ఉందని ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ అనే తమిళ సినిమాకు మద్రాసు హైకోర్టు సర్టిఫికెట్ రద్దు చేస్తే, సుప్రీంకోర్టు తిరిగి ఇచ్చింది. ప్రమాదం ఊహల్లోది కాదు, మందుగుండు పక్కన నిప్పురవ్వలా కళ్లెదుట ఉండాలంది. గొడవ చేస్తామని బెదిరించేవాళ్లకు భయపడి మాట్లాడేవాణ్ణి ఆపడం ప్రభుత్వం తన బాధ్యతను వదులుకోవడమేనంది. 1996లో ‘బాండిట్ క్వీన్’లో నగ్నత్వం కామం కోసం కాదని, హింసను చూపడానికని గుర్తించింది.

రంగరాజన్ సూత్రాన్ని తెలుగు గడ్డ మీద గట్టిగా వాడిన సందర్భం 2006 నాటిది. సెన్సార్ బోర్డు ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చిన ‘ది డావిన్సీ కోడ్’ను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్రంలో నిషేధించింది. సినిమా చూసి తేల్చింది కాదది, మత సంస్థల వినతిపత్రాల మీద తీసుకున్న నిర్ణయం. హైకోర్టులో జస్టిస్ గోడా రఘురామ్ ఆ ఉత్తర్వును కొట్టేశారు. బోర్డు ఒకసారి అన్నీ చూసి పాస్ చేశాక, ఎవరికో నచ్చలేదని రాష్ట్రం మళ్లీ తాళం వెయ్యకూడదన్నది సారాంశం.

అయినా అనధికార సెన్సార్ ఆగలేదు. 2017లో ‘దువ్వాడ జగన్నాథమ్’ పాటలో వైదిక పదాలున్నాయని బ్రాహ్మణ సంఘాలు అభ్యంతరం చెబితే ఆ మాటలు మార్చారు. 2019లో రామ్ గోపాల్ వర్మ ‘కమ్మ రాజ్యంలో కడప రెడ్లు’ సినిమా ‘అమ్మ రాజ్యంలో కడప బిడ్డలు’గా థియేటర్లకు వచ్చింది. అదే ఏడాది ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ తెలంగాణలో మార్చిలో ఆడినా, ఎన్నికలు ముగిసేదాకా ఆంధ్రప్రదేశ్‌లో ఆడలేదు. ఈ చివరిది ఒక్కటీ కొంచెం వేరు. పోలింగుకు ముందు పార్టీ ప్రచారం లాంటి సినిమాను కొన్ని వారాలు ఆపడానికి ఒక న్యాయముంది. ఆపడానికి గడువుంది, కారణం బయటికి చెప్పారు.

శ్యామ్ బెనెగల్ కమిటీ 2016లో బోర్డు పని వయసును బట్టి సర్టిఫికెట్ ఇవ్వడమే కావాలి, కోతలు కాదు అని సూచించింది. 2023 సవరణలో వయసు మెట్లు వచ్చాయి, పైరసీకి శిక్షలు పెరిగాయి, కోతల అధికారం కదల్లేదు. అబ్బాస్ కేసు ఇచ్చిన ట్రిబ్యునల్‌ను 2021 ఏప్రిల్లో రద్దు చేశారు. ఇప్పుడు బోర్డు తీర్పు నచ్చని చిన్న నిర్మాత నేరుగా హైకోర్టుకు వెళ్లాలి.

పత్రికలు, పుస్తకాలు

1975 జూన్‌లో ఎమర్జెన్సీతో పత్రికలకు ముందస్తు సెన్సార్ తిరిగి వచ్చింది. ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ సంపాదకీయం ఉండాల్సిన చోటును ఖాళీగా వదిలి అచ్చు వేసింది. ఖాళీ స్థలం వదలడం కూడా నిరసనేనని తర్వాత దాన్నీ కుదరదన్నారు. అంతకుముందే, 1971లో, దిగంబర కవులు జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజులను ముందస్తు నిర్బంధ చట్టం కింద జైల్లో పెట్టారు. 2005 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మావోయిస్టు పార్టీతో పాటు విప్లవ రచయితల సంఘాన్నీ నిషేధించింది. సలహా మండలి సమర్థించకపోవడంతో విరసం మీద నిషేధం ఆ ఏడాదే పోయింది.

ఆంక్ష ఎప్పుడూ ప్రభుత్వం నుంచే రాదు. 1983లో ఆంధ్రప్రదేశ్ శాసన మండలి సమావేశం గురించి ‘ఈనాడు’ పెట్టిన ‘పెద్దల గలభా’ అన్న శీర్షిక సభా హక్కులకు భంగమని మండలి సంపాదకుడు రామోజీరావును సభ ముందు నిలబెట్టాలనుకుంది. సుప్రీంకోర్టు అరెస్టును నిలిపేసింది. సభ పెద్దదా, కోర్టు పెద్దదా అన్న పంతం నడుస్తుండగానే ఎన్టీ రామారావు ప్రభుత్వం తీర్మానం మీద 1985లో మండలే రద్దయింది, ప్రశ్న తేలకుండా మిగిలింది. సభా హక్కులు ఏవో రాసిపెట్టిన చట్టం ఇప్పటికీ లేదు.

పుస్తకాల విషయంలో సుప్రీంకోర్టు ఈ మధ్య నిలకడగానే ఉంది. ఆర్య వైశ్యుల మీద కంచ ఐలయ్య పుస్తకాన్ని నిషేధించమని 2017లో వేసిన పిటిషన్ను తోసిపుచ్చింది. నిషేధాలు ఇప్పుడు ఎక్కువగా కోర్టు బయటే జరుగుతున్నాయి: ప్రచురణ సంస్థ పుస్తకాన్ని వెనక్కి తీసుకుంటుంది, రచయిత ఊరు వదులుతాడు. తమిళ నవలాకారుడు పెరుమాళ్ మురుగన్ అధికారుల సమక్షంలో జరిగిన ‘శాంతి చర్చ’లో వివాదాస్పదమైన తన నవల ప్రతులను వెనక్కి తీసుకుంటానని సంతకం పెట్టి, తర్వాత రాయడమే మానేస్తున్నానని ప్రకటించారు. 2016లో మద్రాసు హైకోర్టు ఆ ఒప్పందం చెల్లదని చెప్పాక మళ్లీ కలం పట్టారు.

ఇంటర్నెట్

ఆన్‌లైన్‌లో ‘చిరాకు కలిగించే’ మాటలను నేరం చేసిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. చర్చించడం, ప్రబోధించడం, పురికొల్పడం అని మాటను మూడు మెట్లుగా విడదీసి, మూడోదాని దగ్గరే చట్టం జోక్యం చేసుకోవచ్చంది. కొట్టేసిన సెక్షను కింద ఆ తర్వాత ఏళ్లపాటు పోలీసులు కేసులు పెడుతూనే ఉన్నారని 2021లో కోర్టే ఆశ్చర్యపోయింది.

అదే తీర్పు 69ఎ సెక్షన్ను మాత్రం నిలబెట్టింది. దాని కింద కేంద్రం వెబ్‌సైట్లను, ఖాతాలను, వీడియోలను నిలిపేయమని ఆదేశించగలదు. కారణాలు రాతపూర్వకంగా ఉండాలి, సమీక్షా సంఘం ఉంది, రాసినవాళ్ల ఆచూకీ తెలిస్తే వాళ్ల వాదన వినాలి. కోర్టు దాన్ని ఒప్పుకున్నది ఈ రక్షణలను చూసే. అయితే ఈ సెక్షను కింద చేసిన 2009 నియమాల్లో పదహారోది ఫిర్యాదునూ దాని మీద తీసుకున్న చర్యనూ గోప్యంగా ఉంచాలంటుంది. కాబట్టి కారణాలు ఫైల్లో ఉంటాయి, రాసినవాడికి కనిపించవు. ఈ ఆదేశాలను ప్రశ్నించిన ట్విట్టర్ కంపెనీ పిటిషన్ను 2023 జూన్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టేసి 50 లక్షల రూపాయల జరిమానా వేసింది.

ఓటీటీలకు ముందస్తు సర్టిఫికెట్ లేదు. 2021 ఐటీ నియమాల ప్రకారం సంస్థలే వయసును బట్టి వర్గీకరించుకుంటాయి, ఫిర్యాదులు తర్వాత వింటాయి. హాల్లో మ్యూట్ అయిన మాట నెల తిరక్కుండా ఫోన్లో వినిపించవచ్చు, అదీ పిల్లల చేతిలోని ఫోన్లో. సినిమా ప్రభావం అసాధారణమన్న 1970 నాటి కారణం చీకటి హాల్లో పెద్ద తెరను ఊహించుకుని రాసింది. ఆ తీర్పును పునఃపరిశీలించిన ధర్మాసనం ఇంతవరకూ లేదు. ఓటీటీలనూ నియంత్రణ కిందికి తెచ్చే ప్రసార సేవల బిల్లు ముసాయిదాను కేంద్రం 2023 నవంబరులో విడుదల చేసింది. తర్వాతి ప్రతి యూట్యూబ్‌లో వార్తా విశ్లేషణలు చేసే వ్యక్తులకూ వర్తించేలా ఉందని విమర్శలు రావడంతో 2024 ఆగస్టులో దాన్ని పక్కన పెట్టింది.